బాబిలోన్‌లో ఇటుకలు చూసొచ్చాను

ఇరాక్‌లో పాత బాబిలోన్ నగరం శిథిలాలు చూడాలంటే ముందు పక్కనున్న హిల్లా ఊరు చేరాలి. బాగ్దాద్ అలావీ గ్యారేజీలో హిల్లా వెళ్లే షేర్ టాక్సీ ఎక్కి అప్పటికి గంటన్నర అయింది. ఆరుగురం కూర్చున్నాం. ఏడో మనిషి వస్తేగానీ బండి తీయనని డ్రైవరు భీష్మించుకున్నాడు. మన షేర్ ఆటోవాళ్లే నయం, ముందు బండి కదిలించి తర్వాత దారిలో జనాన్ని కుక్కుకుంటారు. ఇతను అదీ చేయడు. బయట నిలబడి "హిల్లా, హిల్లా, హిల్లా" అని అరుస్తాడు, మధ్యలో చాయ్ తాగుతాడు, మళ్లీ అరుస్తాడు. పండగ రోజులని రేటు రెట్టింపు చేశాడు, అది వేరే మంట.

వాచీ చూసుకుంటుంటే నవ్వొచ్చింది. 60ని పట్టుకుని లెక్కలన్నీ దానిమీదే కట్టింది బాబిలోన్ వాళ్లు. ఆ పద్ధతి గ్రీకు ఖగోళ శాస్త్రవేత్తల చేతికెళ్లి, అక్కణ్నుంచి లోకానికంతా పాకి, చివరికి గంటకి 60 నిమిషాలయింది. కాబట్టి నా 90 నిమిషాల వెయిటింగ్ కూడా వాళ్ల ఖాతాలోనే రాసుకున్నాను.

నేను బస్రాలో ఒక కన్‌స్ట్రక్షన్ సైట్‌లో సివిల్ సూపర్‌వైజర్ని. 2025లో ఉగాది, రంజాన్ పండగ పక్కపక్కనే పడ్డాయి. మా క్యాంపులో తెలుగువాళ్లం పదకొండు మంది. ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరక్క కాకరకాయ ముక్కలు వేసి చేదు లెక్క సరిపెట్టాం. పండగ సెలవులు కలిసొచ్చాయి కదా, బాబిలోన్ చూసొస్తానన్నాను. కోనసీమ నుంచి వచ్చిన మా రూమ్మేట్ ప్రార్థనాపరుడు. "బబులోను కూలిపోయిందని బైబిల్లో ఎప్పుడో రాసేశారు బాబాయ్, ఇంకేం చూస్తావు వెళ్లి?" అన్నాడు. "ఇటుకలు చూస్తా" అన్నాను. నిజంగా దానికే వెళ్లాను.

మా నాన్నకి కృష్ణ ఒడ్డున ఇటుకల బట్టీ ఉండేది. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన నాకు పుస్తకాల కంటే ముందు తెలిసింది మట్టి తొక్కడం, అచ్చు పోయడం, ఊకతో కాల్చడం. సిమెంటు ఇటుకలు వచ్చాక బట్టీ మూతపడింది. నాన్న మాత్రం ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా సున్నం వేయని గోడ కనపడితే ఆగి వేలితో తడుముతాడు.

రాత్రి రైలులో బాగ్దాద్ చేరాను. అక్కడ గడిపిన రోజు గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు. టైగ్రిస్ ఒడ్డున మస్‌గూఫ్ తిన్నాను. చేపని చీల్చి, నిప్పుల పక్కన నిలబెట్టి కాలుస్తారు. మన బొచ్చె లాంటిదే. రుచి బాగుంది, బిల్లు బాలేదు.

ఏడో మనిషి రెండు కోళ్లతో వచ్చాడు. అక్కణ్నుంచి హిల్లాకి దాదాపు 100 కిలోమీటర్లు. చెక్‌పోస్టు దగ్గర ఆగినప్పుడల్లా అందరూ నా పాస్‌పోర్టు వైపు చూసేవారు, నావల్లే ఆలస్యమని. హిల్లాలో దిగి ఇంకో టాక్సీ మాట్లాడుకుని బాబిలోన్ గేటు దగ్గరికెళ్లాను.

టికెట్ విదేశీయులకి అప్పుడు 25 వేల దీనార్లు. ఇరాకీలకి అందులో ఏ మూలకో వచ్చేది. సరే, తాజ్‌మహల్ దగ్గర మనమూ చేసేది అదేగా అనుకుని కట్టాను. లోపలికెళ్లే దారిలో నీలం రంగు ద్వారం. ఫోటోల్లో చూసి మనం ముచ్చటపడే పాత బాబిలోన్ నగర ద్వారం, ఇష్తార్ ద్వారం, ఇదే అనుకుంటే పొరపాటు. ఇది నమూనా, అసలుదానికంటే చిన్నది. దగ్గరికెళ్తే పెచ్చులు లేచిన పెయింటు కనిపిస్తుంది. అసలు నీలం ఇటుకలు బెర్లిన్‌లో ఉన్నాయి. కోల్డెవే అనే జర్మన్ ఆయన 1899 నుంచి 1917 దాకా ఇక్కడ తవ్వాడు. ముక్కల్ని పెట్టెల్లో సర్ది బెర్లిన్ పంపిస్తే, అక్కడ అతికించి ద్వారం నిలబెట్టి 1930లో జనానికి చూపించారు. ఆ పెర్గమాన్ మ్యూజియాన్ని కూడా రిపేర్లకని 2023లో మూసేశారు. అంటే అసలైన నీలం ద్వారం ప్రస్తుతానికి ఎక్కడికెళ్లినా కనిపించదన్న మాట.

నాకు మాత్రం పెద్దగా ఆశ్చర్యం వేయలేదు. అమరావతి పక్కన పెరిగినవాణ్ని. చిన్నప్పుడు స్కూలు నుంచి స్తూపం చూపిస్తామని తీసుకెళ్లారు. గడ్డి మొలిచిన దిబ్బ, చుట్టూ నిలబెట్టిన నాలుగు రాళ్లు. "మరి పుస్తకంలో ఉన్న బొమ్మలేవి సార్?" అంటే మాస్టారు "కొన్ని మద్రాసులో, కొన్ని లండన్‌లో" అన్నారు. 25 వేల దీనార్లు కట్టి మళ్లీ అదే మాట వినాల్సొచ్చింది, అంతే తేడా.

గేటు దగ్గరే గైడ్ తగులుకున్నాడు. యాభై దాటిన మనిషి, మాసిన కోటు, చేతిలో జపమాల. ఎంత అడిగాడో ఎంతకి తెగిందో చెప్పను, బేరంలో నేనే ఓడాను. ఏం పనిచేస్తావన్నాడు. సైట్ సూపర్‌వైజర్ అని అరబిక్‌లో చెప్పడం రాక "బినా, బినా" అని గోడ కడుతున్నట్టు చేతులు ఊపాను. ఆ క్షణం నుంచి నేను "ముహందిస్" అయిపోయాను, అంటే ఇంజనీరు. నేను ఆయన్ని "హజ్జీ" అన్నాను.

దక్షిణ ప్యాలెస్ గోడలు చూడగానే మనసు చివుక్కుమంది. ఎత్తుగా, తిన్నగా, పసుపుపచ్చగా, మొన్నే కట్టిన అపార్ట్‌మెంట్ ప్రహరీలా ఉన్నాయి. హజ్జీ నన్ను గోడ మొదట్లోకి తీసుకెళ్లి వంగమన్నాడు. కింద కొన్ని వరసలు నల్లబడి, అంచులు అరిగి ఉన్నాయి. వాటి మీద నుంచి కొత్త ఇటుక. కిందవి నెబుకద్నెజర్‌వి, క్రీస్తుపూర్వం 605 నుంచి 562 దాకా ఏలినవాడు. పైవి సద్దాం కట్టించినవి, 1980లలో.

కొత్త ఇటుకల్లో అక్కడక్కడా అరబిక్ అక్షరాలు కనిపించాయి. హజ్జీ చదివి చెప్పాడు. ఈ గొప్ప నగరాన్ని 1987లో సద్దాం హుస్సేన్ హయాంలో తిరిగి కట్టారని, ఇంకా చాలా పొగడ్తలున్నాయి. తర్వాత ఇంకో చోటికి తీసుకెళ్లి, అరచేతితో దుమ్ము తుడిచి, ఒక పాత ఇటుక చూపించాడు. మధ్యలో దీర్ఘచతురస్రం, అందులో మేకులు గుచ్చినట్టున్న గీతల వరసలు. చెక్కింది కాదు. పచ్చి ఇటుక మీద ముద్ర వేసి కాల్చినది. బాబిలోన్ రాజు నెబుకద్నెజర్, ఎసగిలా, ఎజిదా గుళ్లను పోషించేవాడు, బాబిలోన్ రాజు నబోపొలస్సర్ పెద్ద కొడుకు అని ఉంటుందట. అంటే పేరు, ఉద్యోగం, దానధర్మాలు, తండ్రిపేరు. మన గుడి మెట్ల మీద దాతల పేర్లు చెక్కిస్తారే, అచ్చం ఆ వరసలోనే. సద్దాం ఈ ముద్రలు చూసే తన పేరూ వేయించుకున్నాడంటారు.

నేను అక్కడ చాలాసేపు కూర్చున్నాను. మా బట్టీ ఇటుక మధ్యలో గుంట ఉండేది, ఆ గుంటలో "ఎస్.ఎం." అని రెండు అక్షరాలు. మా నాయనమ్మ పేరులోవి. అచ్చుచెక్కకి అక్షరాలు తిరగేసి బిగించాలి, అప్పుడే ఇటుక మీద సరిగ్గా పడతాయి. ఒకసారి కొత్త వడ్రంగి అలాగే నేరుగా బిగించాడు. రెండు వేల ఇటుకలు కోశాక నాన్న చూశాడు. చూసి కొట్టలేదు, తిట్టలేదు. "కానీ, గోడలోకి వెళ్లాక ఎవడు చదువుతాడు" అన్నాడు. ఈ ముద్రలు కూడా అంతే. ఇటుక మీద ఇటుక పేరిస్తే రాజుగారి పేరు మధ్యలో ఎక్కడో కప్పబడిపోతుంది. గోడ కూలితేనే బయటపడేది. మనుషుల కోసం కాదు, దేవుళ్ల కోసమో, ముందు ముందు గోడ బాగుచేయించే రాజు కోసమో వేయించుకునేవాళ్లని తర్వాత ఎక్కడో చదివాను.

కొలత కూడా చెప్పాలి. ఒక్కో ఇటుక 33 సెంటీమీటర్ల నలుచదరం, మందం 8 దాకా ఉంటుంది. నా చేత్తో జానెన్నర. మన ఇటుకలు నాలుగు కలిపినా దానికి సరిపోవు. వరసల మధ్య నల్లగా కనపడేది తారు. యూఫ్రటీస్ ఎగువన హీత్ దగ్గర భూమిలోంచి ఊరే తారుని గచ్చులా వాడేవాళ్లు. మధ్యమధ్య వరసల్లో రెల్లు చాపలు పరిచేవాళ్లు. చాప కుళ్లిపోయింది, తారు మీద దాని నేత అచ్చు మిగిలింది. మా రూమ్మేట్ చదివే బైబిల్లోనూ ఇది ఉంది. బాబెలు గోపురం కథలో అడుసుకి బదులు మట్టికీలు వాడారని తెలుగు బైబిల్లో ఉంటుంది. ఆ మట్టికీలు ఇదే. నీళ్లు పైకి ఎక్కకుండా డాంప్‌ప్రూఫ్ కోర్సు వేయాలని నేను బస్రాలో రోజూ గొంతు చించుకుంటాను. 2,600 ఏళ్ల కిందట ఎవరూ అరవకుండానే వేశారు.

సద్దాం గోడకి మాత్రం చౌడెక్కింది. నేలలోని ఉప్పునీరు పైకి పాకి, ఇటుక ముఖం పొరలుపొరలుగా లేచిపోతోంది. వేలు పెడితే పొడి రాలింది. హజ్జీ నా వేలు చూసి, "ఇందులో నేను మోసినవి కూడా ఉన్నాయి" అన్నాడు. అప్పుడాయనకి పదహారేళ్లు. ఇరాన్‌తో యుద్ధం నడుస్తోంది. ఇద్దరన్నలు సరిహద్దుకి వెళ్లారు. ఈయన్ని వయసు చాలదని ఇక్కడ ఇటుకలు మోయడానికి పెట్టారు. "ఒకడు తిరిగొచ్చాడు" అన్నాడు. ఇంకొకరి గురించి నేను అడగలేదు. "ఇటుక బాలేదు ముహందిస్, నాకు తెలుసు. కానీ నన్ను బతికించింది ఈ ఇటుకే." ఈ గోడల వల్లే చాలా ఏళ్లు యునెస్కో జాబితాలో చోటు రాలేదు, చివరికి 2019లో వచ్చింది. పాత గోడ మీద కొత్త గోడ లేపడం తప్పే, నేనూ ఒప్పుకుంటాను. హజ్జీ ముందు మాత్రం ఆ మాట అనలేకపోయాను.

ప్యాలెస్ మూలల్లో నిలబడి అలవాటుకొద్దీ గునియా చూశాను. మేస్త్రీలు 3, 4, 5 అడుగులు కొలిచి మూల తిన్నగా ఉందో లేదో చూస్తారు కదా. పైథాగరస్‌కి వెయ్యేళ్ల ముందే ఇలాంటి లెక్కల పట్టిక ఒకటి మట్టిపలక మీద రాశారు, ఇప్పుడది న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో ఉంది. అందులో మొదటి వరస 3, 4, 5 కాదు. 119, 120, 169. నమ్మకం కుదరక ఫోన్‌లో కొట్టి చూశాను. 14,161కి 14,400 కలిపితే 28,561. 169ని 169తో గుణించినా అంతే. హజ్జీకి చూపిస్తే "వల్లా!" అని తానే కట్టినంత గర్వంగా నవ్వాడు.

అసలు ఇష్తార్ ద్వారం అడుగుభాగం ఇంకా ఇక్కడే ఉంది. జర్మన్లు పట్టుకెళ్లింది పైన నీలం భాగం. కింద నేల మట్టానికి దిగువన ఉన్న పాత గోడ మిగిలింది. రంగు లేదు, ఉత్త ఇటుక. అందులోంచి ఎద్దులు, వింత జంతువులు ఉబికి వస్తుంటాయి. పాము తల, సింహం ముందుకాళ్లు, గద్ద వెనకకాళ్లు, తోకకి తేలుకొండి. మన గుళ్లో యాళికి దూరపు చుట్టంలా ఉంది. మర్దుక్ దేవుడి వాహనం. ఒక్కో జంతువూ ఎన్నో ఇటుకల్లో పరుచుకుంది. కన్ను ఒక ఇటుకలో, కొమ్ము మొదలు ఇంకోదాంట్లో, కొమ్ము కొస మూడోదాంట్లో. వేటికవి విడిగా అచ్చుపోసి, కాల్చి తెచ్చి పేర్చారు. కాల్చినప్పుడు ఇటుక కుదించుకుపోతుందని బట్టీ తెలిసినవాళ్లకి తెలుసు. అన్నీ ఒకేలా కుదించుకుపోతేనే ఎద్దు ఎద్దులా ఉంటుంది. ఒక ఎద్దు మెడ దగ్గర అతుకులు వెతికాను. గోరు దూరే సందు కూడా లేదు. ఇంత దూరం వచ్చిన డబ్బు అక్కడ గిట్టింది.

చట్టాలు రాయించి పేరుపడ్డ హమ్మురాబి కూడా బాబిలోన్ రాజే, ఈ నెబుకద్నెజర్‌కి వెయ్యేళ్లకు పైగా ముందువాడు. ఆ చట్టాల శాసనం చెక్కిన నల్లరాయి ఇరాన్‌లోని సూసాలో 1901లో దొరికింది. ఎవరో రాజు కొల్లగొట్టి తీసుకెళ్లాడు. ఇప్పుడు పారిస్ లూవ్ర్‌లో ఉంది. కంటికి కన్ను అనే మాట అందరికీ తెలుసు. నాకు నచ్చేవి మాత్రం మేస్త్రీల మీద రాసినవి. ఇల్లు కట్టి ఇస్తే ఒక సార్‌కి రెండు షెకెళ్ల వెండి కూలి. సార్ అంటే మన లెక్కలో దాదాపు 390 చదరపు అడుగులు, రెండు షెకెళ్లంటే దాదాపు 17 గ్రాములు. కట్టిన గోడ ఉబ్బితే మేస్త్రీ సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఇల్లు కూలి యజమాని చస్తే మేస్త్రీకి మరణశిక్ష. మా ఊళ్లో ఇల్లు కట్టించినప్పుడు మెట్ల పక్క గోడ మొదటి వానాకాలమే ఉబ్బింది. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడం మానేశాడు. మరణశిక్ష వద్దు గానీ గోడ రూలు మాత్రం మా మండలంలో పెడితే బాగుండు. అలాగని హమ్మురాబిని నెత్తిన పెట్టుకోను. యజమాని కొడుకు చస్తే మేస్త్రీ కొడుకుని చంపాలట, ఆ పిల్లాడు ఏం చేశాడు పాపం? పెద్దమనిషి కన్ను పోతే కన్ను, మామూలు మనిషి కన్ను పోతే జరిమానా.

బాబెలు గోపురం ఉండాల్సిన చోట చెరువు ఉంది. ఎతెమెనాన్‌కి అని పేరు. అడుగున ఒక్కో వైపు 91 మీటర్లు. అలెగ్జాండర్ దాన్ని తిరిగి కట్టిస్తానని శిథిలాలు తీయించి, కట్టించకుండానే పోయాడు. మిగిలిన ఇటుకలు చుట్టుపక్కలవాళ్లు వందల ఏళ్లు తవ్వుకెళ్లారు. హిల్లాలో ఎన్ని పాత ఇళ్లు నెబుకద్నెజర్ ఇటుకలతో కట్టారో లెక్కలేదు. మన చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త అమరావతి కడుతూ స్తూపం రాళ్లు తవ్వించినట్టే. మంచి ఇటుక కళ్లెదురుగా ఉంటే మట్టి తొక్కేదెవరు? మా నాన్నయినా అదే చేసేవాడు. ఇప్పుడక్కడ రెల్లు, నీళ్లు, కప్పలు. చుట్టూ పండగ జనం చాపలేసుకుని చికెన్ కాలుస్తున్నారు.

ఆ గట్టు మీద కూర్చుని హజ్జీ ఫ్లాస్కులో చాయ్ తాగాం. ఉగాది గురించి చెప్పాను. పాత బాబిలోన్ వాళ్లకీ వసంతంలోనే కొత్త ఏడు, అకీతు పండగ. మా క్యాంపులో రంజాన్ రేపా ఎల్లుండా అని నెలవంక కనపడేదాకా తేలలేదు. బాబిలోన్‌లోనూ నెలవంక కనపడితేనే నెల మొదలు. కానీ రంజాన్ ఏటేటా వెనక్కి జరుగుతుంది, ఉగాది అలా జరగదు, మనకి అధికమాసం ఉంది కాబట్టి. బాబిలోన్ వాళ్లూ అదే చేశారు. 19 ఏళ్లలో 7 నెలలు అదనంగా కలిపితే సూర్యుడూ చంద్రుడూ రాజీపడతారని పట్టేశారు. మేషం, వృషభం, మిథునం అని మనం చదివే పన్నెండు రాశుల చక్రం కూడా వాళ్లదే, గ్రీకుల మీదుగా మనదాకా వచ్చింది.

అకీతు పండగలో నాకు బాగా నచ్చింది ఇంకోటి. అయిదో రోజు పూజారి రాజు కిరీటం తీసి, చెంప పగలగొట్టి, చెవులు పట్టుకుని దేవుడి ముందుకి ఈడ్చేవాడు. నేను ఏ తప్పూ చేయలేదని రాజు మోకాళ్ల మీద చెప్పుకోవాలి. తర్వాత ఇంకో దెబ్బ. రాజు కళ్లల్లో నీళ్లు తిరిగితే ఏడాది బాగుంటుందని నమ్మకం. మన దగ్గర ఉగాదికి ముందు వరసలో నాయకులు కూర్చుంటారు, ఏ పార్టీ ఆఫీసులో పంచాంగం ఆ పార్టీకే రాజయోగం చెబుతుంది. హజ్జీకి ఇది వివరించడానికి చాలా చేతి సైగలు పట్టాయి. అర్థమయ్యాక తన చెంప మీద తనే చిన్నగా కొట్టుకుని, దినార్ల కట్ట లెక్కపెడుతున్నట్టు నటించి పడీపడీ నవ్వాడు.

తిరిగొచ్చే దారిలో అమెరికన్ సైన్యం 2003లో క్యాంపు వేసిన చోటు చూపించాడు. హెలికాప్టర్లు దిగడానికి నేల చదును చేసి కంకర పోశారు, కందకాలు తవ్వారు, బరువు బండ్లతో ఊరేగింపు వీధి పలకలు పగలగొట్టారు. హజ్జీ ఆగకుండా నడుస్తూనే చెప్పాడు. సింహం శిల్పం చుట్టూ సెల్ఫీల గుంపు, వేలాడే తోటలు ఇక్కడ ఉన్నాయని చూపించే రుజువేమీ దొరకలేదు, కొండ మీద సద్దాం ప్యాలెస్ ఎక్కే ఓపిక నాకు లేదు.

హిల్లా గ్యారేజీకి వచ్చేసరికి బాగ్దాద్ బండిలో ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఏడోవాణ్ని నేనే. అంతమంది అంత ప్రేమగా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు. రేటు మాత్రం పొద్దుటికంటే ఇంకో వెయ్యి ఎక్కువ.

బండి కదిలాక నాన్నకి ఫోన్ చేశాను.

"ఏరా, చూశావా? ఎలా ఉంది ఇటుక?"

"జానెన్నర పలక నాన్నా. గోరుతో గీస్తే గీత పడలేదు."

"తడితే మోగిందా?"

"గోడలో ఉన్నదాన్ని ఎలా మోగిస్తాం?"

"కొత్తవో?"

"చౌడెక్కింది."

"నీళ్లు చూసుకుని ఉండరు" అన్నాడు, తన బట్టీలో కూలీ చేసిన తప్పులా.

బాబిలోన్ వాళ్లు ఆకాశం చూసి రోజువారీ డైరీలు రాసేవాళ్లని చెప్పాను. గ్రహాలు ఎక్కడున్నాయి, యూఫ్రటీస్ ఎంత పొంగింది, బజార్లో ధరలెలా ఉన్నాయి, అన్నీ వందల ఏళ్ల పాటు రాశారు. అలెగ్జాండర్ క్రీస్తుపూర్వం 323లో ఈ ఊళ్లోనే పోతే, ఆ రోజు కింద రాజు పోయాడని, మబ్బులని రాసుకున్నారు. నాన్నకి అలెగ్జాండర్ మీద ఆసక్తి లేదు.

"ధరలు రాశారన్నావే. ఇటుక వెయ్యి ఎంతట?"

"బార్లీ, ఖర్జూరం, నువ్వులు, ఉన్ని, ఇలాంటివి రాశారు నాన్నా. ఇటుక లేదు."

"అదేంట్రా, అసలుదే వదిలేశారు!" అన్నాడు.